అంకుడు కర్ర పూలకూజా ఎలా అవుతుంది?

వడ్రంగి పనిలో సాధారణంగా కర్ర కదలకుండా ఉంటుంది, పనిముట్టు కదులుతుంది. చిత్రిక ముందుకు నడుస్తుంది, రంపం ఆడుతుంది, ఉలి మీద సుత్తి దెబ్బ పడుతుంది. తరిమెన దగ్గర ఈ వరస తలకిందులవుతుంది. తరిమెన అంటే ఇప్పుడు అందరూ లేత్ మిషన్ అంటున్నదే. అక్కడ తిరిగేది కర్ర. ఉలి ఒక ఇనుప పట్టీ మీద ఆని ఉండి, తన దగ్గరికి వచ్చిన కర్రను కోస్తుంది. అందుకే తరిమెన పట్టిన వస్తువు ఏదైనా అడ్డంగా కోసి చూస్తే గుండ్రంగానే ఉంటుంది. బొంగరం, చపాతీ కర్ర, పట్టెమంచం కోడు, లక్కపిడతలు, అన్నీ ఈ కుటుంబానివే.

ఈ కుటుంబంలో పనివాడి చేతిని అసలు పరీక్షించేది పూలకూజా. బొంగరానికి బయట ఒక్కటే చూసుకుంటే చాలు. కూజాకు బయట ఒక రూపం, లోపల ఒక రూపం ఉండాలి, రెండూ ఒకదానితో ఒకటి నడవాలి. పైగా లోపలి పని కంటికి కనిపించదు. చూసేవాళ్ళు రంగునూ నునుపునూ మెచ్చుకుని వెళ్ళిపోతారు. కూజా పదేళ్ళు నిలుస్తుందో, మొదటి ఎండాకాలానికే బీటలు వారుతుందో తేల్చేది మాత్రం ఆ కనిపించని బోలే. పూలు పెట్టుకోవడానికని మనం అనుకునే ఆ ఖాళీ కర్రకు కూడా అవసరం. ఈ వ్యాసంలో ప్రధానంగా చెప్పదలచుకున్నది అదే.

మనకు దగ్గరి ఉదాహరణ ఏటికొప్పాక. అనకాపల్లి జిల్లాలో, వరాహ నది ఒడ్డున ఉన్న ఊరు. 2022లో జిల్లాల విభజన జరిగేదాకా విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఇక్కడి లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఢిల్లీ వీధిలో ఊరేగినవి ఈ బొమ్మలే. కొండపల్లి బొమ్మలతో వీటిని కలిపేసి మాట్లాడేవారు చాలామంది ఉన్నారు. రెండూ మనవే, రెండూ కర్రవే, కానీ పని పూర్తిగా వేరు. కొండపల్లిలో తెల్లపొణికి కర్రను ఉలితో చెక్కి, ముక్కలు అతికి, పైన రంగులు వేస్తారు. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన మీద తిప్పి, తిరుగుతుండగానే లక్క పట్టిస్తారు. కర్ణాటకలోని చన్నపట్నంలో జరిగే పని దీనికి దగ్గరి చుట్టం. అక్కడా వాడేది ఇదే చెట్టు.

ముందు ఆ చెట్టు సంగతి. అంకుడు పెద్ద మాను కాదు. మన ఆకురాల్చు అడవుల్లో, మెట్టల మీద, ఎక్కువ నీరు అడగకుండా పెరిగే చెట్టు. కొమ్మ విరిస్తే పాలు కారతాయి. కర్ర తెల్లగా, మీగడ రంగులో ఉంటుంది. చేవకూ పై కర్రకూ రంగులో పెద్ద తేడా కనపడదు. అన్నిటికంటే ముఖ్యం దాని నేత. టేకు కర్రను అడ్డంగా కోసి చూస్తే సూది గుచ్చినట్టు రంధ్రాలు వరసగా కంటికే కనిపిస్తాయి. అంకుడులో రంధ్రాలు చాలా సన్నం. ఉలి పదునుగా ఉంటే కోసిన చోటు దానంతటదే నున్నగా వస్తుంది. లక్క ఆ నునుపు మీద పలచగా, సమంగా పరుచుకుంటుంది. గరుకు కర్ర మీద అదే లక్క గుంటల్లో ఒకలా, మిట్టల్లో ఒకలా పడి మచ్చలు కడుతుంది. అంకుడు మెత్తగా తెగుతుంది, కానీ పొణికిలా మరీ తేలిక కాదు. తిరుగుతున్నప్పుడు సన్నని అంచు కూడా విరిగిపోకుండా నిలవాలంటే ఆమాత్రం గట్టితనం కావాలి.

కొట్టి తెచ్చిన కర్రను ఆ రోజే తరిమెనకు ఎక్కించరు. పచ్చి కర్ర నిండా నీరు ఉంటుంది. ఆ నీటిలో రెండు రకాలున్నాయి. ఒకటి కర్రలోని సన్నని గొట్టాల ఖాళీలో ఉన్న నీరు. ఇది పోయినా కర్ర కొలతలో మార్పు రాదు, బరువు మాత్రం తగ్గుతుంది. రెండోది ఆ గొట్టాల గోడల్లోనే ఇంకిపోయిన నీరు. మొత్తం నీరు పొడికర్ర బరువులో సుమారు 30 శాతానికి తగ్గిన దగ్గర ఈ రెండో నీటి వంతు మొదలవుతుంది. ఇది ఆరడం మొదలైన క్షణం నుంచీ కర్ర కుదించుకుపోతుంది. మన కోస్తా గాలిలో నీడపట్టున ఎంతకాలం ఉంచినా 12 నుంచి 15 శాతం దగ్గర ఆగుతుంది. అంతకంటే ఆరదు, ఎందుకంటే గాలిలోనే అంత చెమ్మ ఉంది.

కర్ర అన్ని వైపులా ఒకేలా కుదించుకుంటే ఏ బాధా లేదు. అలా జరగదు. పొడవునా దాదాపు కుదింపే ఉండదు. దవ్వ నుంచి బెరడు వైపుకు, అంటే వ్యాసార్థం దిశలో, చాలా రకాల కలప సగటున 4 శాతం దాకా కుదించుకుంటుంది. చుట్టుకొలత దిశలో దానికి రెట్టింపు, సుమారు 8 శాతం. ఇక్కడ కాగితం పెన్సిలు తీసుకుని ఒక లెక్క వేసి చూడండి. 10 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గుండ్రటి దుంగ చుట్టుకొలత 31.4 సెంటీమీటర్లు. పూర్తిగా ఎండితే చుట్టుకొలత 8 శాతం, అంటే రెండున్నర సెంటీమీటర్లు తగ్గాలని చూస్తుంది. కానీ వ్యాసార్థం 4 శాతమే తగ్గుతుంది కనుక చుట్టుకొలతకు తగ్గడానికి దొరికే చోటు ఒకటింపావు సెంటీమీటరే. మిగతా ఒకటింపావు సెంటీమీటరు ఎక్కడి నుంచి రావాలి? కర్ర చీలి ఆ లోటు పూడ్చుకుంటుంది. మామూలు గాలిలో పూర్తిగా ఎండదు కనుక ఆ లోటు సగానికి కాస్త పైన ఆగుతుంది. అయినా ఏడు మిల్లీమీటర్ల బీట తక్కువేమీ కాదు. కట్టెల మోపులో గుండ్రటి దుంగలన్నిటికీ బెరడు నుంచి దవ్వ దాకా ఒక చీలిక కనిపించడానికి కారణం ఇదే.

ఇప్పుడు ఆ దుంగ మధ్యలోని కర్రను తీసేశామనుకోండి. మిగిలింది ఒక ఉంగరం. దాని చుట్టుకొలత తగ్గదలచుకుంటే అడ్డుపడడానికి లోపల ఏమీ లేదు. ఉంగరం మొత్తంగా కాస్త చిన్నదవుతుంది, అంతే. చీలాల్సిన అవసరం చాలావరకు తీరిపోతుంది. కూజాలో బోలు చేసే మేలు ఇది. గోడ పలచగా, అన్నిచోట్లా ఒకే మందంతో ఉంటే కర్ర తన పని తాను చేసుకుంటుంది. ఒకచోట మందంగా, ఒకచోట పలచగా ఉంటే పలచనిది ముందు ఆరుతుంది, మందమైనది తరవాత ఆరుతుంది, ఆ రెండింటి నడుమ లాగుడు పుడుతుంది, బీట అక్కడ మొదలవుతుంది. చిన్న బొమ్మలు నిండుగా ఉన్నా చీలకపోవడానికి కారణం వాటి సన్నదనమే. సన్నటి కర్రలో లోటూ తక్కువే, ఆరడం కూడా లోపలా బయటా ఇంచుమించు ఒకేసారి.

అందుకే ఆరబెట్టడం ఓపిక పని. దుంగ కోసిన రెండు మొహాల నుంచీ నీరు పక్కల కంటే ఎన్నో రెట్లు వేగంగా పోతుంది. ఆ మొహాలకు మైనమో రంగో పూస్తే వేగం తగ్గి, చివర్లు పగలడం తగ్గుతుంది. ఎండలో కాకుండా నీడలో, గాలి ఆడేలా పేర్చాలి. ఆరిందో లేదో తెలుసుకోవడానికి యంత్రమే అక్కరలేదు. ఒక ముక్కను తూచి తేదీతో బరువు రాసి పెట్టుకుని, వారానికోసారి మళ్ళీ తూచితే చాలు. బరువు తగ్గడం ఆగిపోయిన రోజున కర్ర ఆ గాలికి సరిపోయినంత ఆరిందని అర్థం. పెద్ద కూజాలు చేసేవారు చాలా దేశాల్లో ఇంకో దారి పట్టారు. పచ్చి కర్రనే తిప్పి, వ్యాసంలో పదోవంతు మందం గోడ ఉంచి ముందే బోలు చేసి ఆరబెడతారు. 10 సెంటీమీటర్ల కూజాకు సెంటీమీటరు గోడ. ఉంగరంగా ఉంది కనుక చీలకుండా ఆరుతుంది, కొంచెం వంకర తిరిగినా మళ్ళీ బిగించి సరిచేయడానికి మందం మిగిలే ఉంటుంది.

తరిమెన విషయానికొస్తే, కరెంటు రాకముందు అది ఇద్దరి పని. ఇరుసుకు తాడు చుట్టి ఒకరు అటూ ఇటూ లాగుతుంటే, కర్ర ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరుగుతుంది. కర్ర ఒక దిశలో తిరిగినప్పుడే ఉలి కోస్తుంది, వెనక్కి తిరిగేటప్పుడు పనివాడు ఉలిని రవ్వంత ఎత్తి పట్టుకోవాలి. ఈ ఎత్తడం దించడం ఊపిరిలాగే అలవాటైపోయిన చేతులు తయారుచేసిన వస్తువులే మన తాతముత్తాతల కాలపు లక్కపిడతలన్నీ. ఇప్పుడు మోటారు ఒకే దిశలో ఆపకుండా తిప్పుతుంది. శ్రమ తగ్గింది, ప్రమాదం పెరిగింది. తాడు లాగే మనిషి కేక వినగానే ఆగుతాడు. మోటారు ఆగదు.

వేగం గురించి ఒక మాట విడిగా చెప్పాలి. నిమిషానికి 1500 చుట్లు తిరిగే తరిమెన మీద 10 సెంటీమీటర్ల వెడల్పున్న కూజా పొట్ట దగ్గర కర్ర ఉలిని దాటిపోయే వేగం గంటకు సుమారు 28 కిలోమీటర్లు. అదే కూజా రెండున్నర సెంటీమీటర్ల మెడ దగ్గర గంటకు 7 కిలోమీటర్లే. ఇరుసు ఒకటే, చుట్లు ఒకటే, కానీ పొట్టను కోసే చేయి, మెడను కోసే చేయి రెండు వేరువేరు వేగాలకు అలవాటుపడాలి. ఈ తేడా తరవాత లక్క దగ్గర మళ్ళీ ఎదురవుతుంది. ఇక మొదట ఎక్కించే ముక్క గుండ్రంగా ఉండదు కనుక బరువు ఒక పక్కకు ఉంటుంది. దాన్ని నెమ్మదిగా, నిమిషానికి ఐదారు వందల చుట్లలోపే తిప్పి, గుండ్రం చేశాక వేగం పెంచాలి. అలా కాకుండా మొదటే జోరుగా తిప్పితే ముక్క బిగింపు ఊడి ఎగిరి వస్తుంది. పక్కన ఉన్నవారి మొహానికి తగిలితే ఆ దెబ్బ మామూలుగా ఉండదు. కండువా, పొడుగు చేతుల చొక్కా, చీర కొంగు, చేతి గాజు, ఇవేవీ తిరిగే ఇరుసు దగ్గరకు రాకూడదు.

దుమ్ము గురించి మన దగ్గర ఎవరూ పెద్దగా మాట్లాడరు. మాట్లాడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే కర్రపొట్టు దుమ్మును మనుషుల్లో క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో చేర్చింది. ముక్కు, ముక్కు పక్కనుండే గుల్లల్లో వచ్చే జబ్బు అది. ఉలి కోసిన పొరలు కిందపడిపోతాయి, వాటితో భయం లేదు. ఉప్పుకాగితం పట్టినప్పుడు లేచే పిండిలాంటి ధూళి ఊపిరితో లోపలికి పోతుంది. ఇరుకు గదిలో, తలుపేసుకుని, మొహానికి ఏమీ కట్టుకోకుండా ఏళ్ళ తరబడి ఈ పని చేస్తున్న వాళ్ళకు ఒక మంచి మాస్కూ, గాలిని బయటికి లాగే ఫ్యానూ అందడం పురస్కారాల కంటే ముందు జరగాల్సిన పని.

ఇక ఉలి పట్టే తీరు. కర్రను నిలువునా బిగించినప్పుడు దాని పీచు ఇరుసుకు సమాంతరంగా, పొడుగ్గా పడుకుని ఉంటుంది. చీపురుకట్టను ఊహించుకోండి. కట్ట చివరను ఏటవాలుగా కోసి మొన తేల్చామనుకుందాం. లావు వైపు నుంచి మొన వైపుకు చేత్తో నిమిరితే పుల్లలు అణిగి నున్నగా ఉంటాయి. మొన నుంచి లావు వైపుకు నిమిరితే కోసిన పుల్లల కొసలు లేచి చేతికి గుచ్చుకుంటాయి. కర్రలోనూ అంతే. కూజా బయటి వైపు ఎప్పుడూ లావు నుంచి సన్నానికి కోయాలి. పొట్ట నుంచి మెడకు దిగాలి, పెదవి నుంచి మెడకు దిగాలి, రెండు వైపుల కోతలూ మెడ దగ్గర కలవాలి. అప్పుడు తెగుతున్న ప్రతి పీచుకూ వెనుక ఇంకా పొడవైన పీచు ఆసరాగా ఉంటుంది. ఎదురు నడిస్తే ఆసరా లేని పీచు తెగకుండా పీక్కుని వస్తుంది, ఆ చోట గుంటలు పడతాయి. ఆ గుంటలను ఉప్పుకాగితంతో మాయం చేయబోతే మెత్తటి చోటు ఎక్కువ అరిగి, గట్టి చోటు తక్కువ అరిగి, గీతకు ఉన్న స్పష్టత పోతుంది. పనివాడి నేర్పు తెలుసుకోవాలంటే ఉప్పుకాగితం ఎంత తక్కువ వాడాడో చూస్తే చాలని నా నమ్మకం.

ఉలి కర్రను తాకే వరస కూడా ఉంది. ముందు ఉలి వెనుకనున్న ఏటవాలు భాగం కర్ర మీద ఆనాలి, కోయకుండా రాచుకోవాలి. అప్పుడు పిడిని నెమ్మదిగా ఎత్తితే పదును కర్రను అందుకుంటుంది. అలా అందుకున్న కోతకు ఆ ఏటవాలు భాగమే దన్నుగా ఉంటుంది. దన్ను లేకుండా పదునును నేరుగా గుచ్చితే మొన కర్రలో దిగబడిపోతుంది. క్షణంలో ఉలి చేతిలోంచి లాక్కుపోతుంది, కూజా చెంప మీద ఒక పెద్ద గాటు మిగులుతుంది. నేర్చుకునేవాళ్ళను భయపెట్టేది ఇదే. భయంతో ఉలిని బిగబట్టేకొద్దీ ఇంకా జరుగుతుంది. ఉలిని ఆనించే పట్టీ కర్రకు దగ్గరగా ఉంచడం, పదును మాటిమాటికీ పెట్టుకోవడం, ఈ రెండూ పాటిస్తే సగం భయం పోతుంది.

రూపం విషయంలో శాస్త్రం ఇంత అని చెప్పదు. అభిప్రాయం చెప్పవచ్చు. సరిగ్గా నడిమధ్యలో లావైన కూజా నాకు మందకొడిగా కనిపిస్తుంది. లావు భాగం ఎత్తులో మూడోవంతు దగ్గర, కిందో పైనో ఉంటే కూజాకు ఒక నడక వస్తుంది. కింద లావైతే కుదురుగా కూర్చున్నట్టూ, పైన లావైతే లేచి నిలబడినట్టూ ఉంటుంది. ఎక్కువ చుట్లూ, గాడులూ, పూసలూ పెడితే బాగుంటుందని కొత్తవాళ్ళు అనుకుంటారు. ఒకే వంపు పెదవి నుంచి పాదం దాకా ఎక్కడా విరగకుండా దిగడమే కష్టం. అలాంటి వంపును దీపం ముందు పెట్టి నెమ్మదిగా తిప్పితే వెలుగు గీత ఎక్కడా తెగకుండా జారుతుంది. తెగిన చోట చేయి తడబడిందని అర్థం.

బయటి రూపం దాదాపు కుదిరాక లోపలి పని మొదలవుతుంది. ఇప్పుడు కూజాను ఒక్క వైపే, పాదం దగ్గర పట్టుకోవాలి. రెండో కొస ఖాళీగా ఉండాలి, ఎందుకంటే ఉలి అటునుంచే లోపలికి పోవాలి. మన పాత పద్ధతిలో ముక్క కొసను సన్నగా చెక్కి, ఇరుసుకున్న గుంట గిన్నెలో కొట్టి బిగిస్తారు. కొత్త తరిమెనల మీద నాలుగు దవడల ఇనుప పట్టు ఉంటుంది. ఎలా పట్టినా ఒక్క వైపే ఆధారం ఉన్న పొడుగు కర్ర కొస దగ్గర వణుకుతుంది. ముందు నట్టనడుమ బర్మాతో రంధ్రం వేస్తారు. ఈ రంధ్రం మూడు పనులు చేస్తుంది. చీలికకు మూలమైన దవ్వను తీసేస్తుంది, ఉలికి దారి ఇస్తుంది, లోతు ఎక్కడ ఆగాలో ముందే తేల్చేస్తుంది. 20 సెంటీమీటర్ల కూజాకు 18కి మించి పోకూడదు అనుకుంటే బర్మా మీద 18 దగ్గర గుర్తు పెట్టుకుంటే సరి. లోతు ఊహ మీద వదిలేసినవారి కూజాకు అడుగు ఉండదు.

ఆ రంధ్రాన్ని వెడల్పు చేసేటప్పుడు చీపురుకట్ట లెక్క తిరగబడుతుంది. బయట లావు నుంచి సన్నానికి దిగాం కదా, లోపల ఇరుకు నుంచి వెడల్పుకు రావాలి. కారణం మాత్రం అదే, తెగే పీచు వెనుక పొడవైన పీచు ఆసరా ఉండాలి. కాకపోతే ఇక్కడ ఉలి పీచు కొసలను కోస్తోంది కనుక కర్ర మొండిగా ఉంటుంది, పని నెమ్మదిగా సాగుతుంది. పైగా ఉలిని ఆనించే పట్టీ బయటే ఉండిపోతుంది. లోపలికి పోయేకొద్దీ ఉలి ఆసరా దాటి ముందుకు సాగుతుంది. ఆసరాకు ఇవతల ఉన్న పిడి పొడవు, అవతల ఉన్న మొన పొడవు కంటే ఎన్నో రెట్లు ఉంటేనే చేతికి అదుపు ఉంటుంది. అందుకే బోలు చేసే ఉలి పిడి అంత పొడుగ్గా ఉంటుంది.

మెడ ఇరుకుగా, పొట్ట లావుగా ఉన్న కూజాలో భుజం కింద ఉన్న మూల అసలు కనిపించదు. అక్కడ మొన వంగిన ఉలి కావాలి. పొట్టు బయటికి రాదు, లోపలే నిండి ఉలిని పట్టేస్తుంది. మాటిమాటికీ మిషన్ ఆపి, పొట్టు దులిపి, వంపు కాలిపరుతో గోడ మందం కొలుచుకోవాలి. అనుభవం ఉన్నవాళ్ళు చెవితో కూడా వింటారు. గోడ మందంగా ఉన్నంతసేపు కోత చప్పుడు బొంగురుగా ఉంటుంది, పలచబడేకొద్దీ స్వరం పైకి పోతుంది. ఆరు మిల్లీమీటర్ల గోడ దగ్గర ఆగడం మంచిది. మూడు మిల్లీమీటర్లకు పోవచ్చు, మెప్పు కూడా వస్తుంది, కానీ అరక్షణం ఏమరుపాటుకు పొట్ట పక్కన కిటికీ తెరుచుకుంటుంది.

ఈ కష్టం తప్పించుకునే తెలివైన దారి ఒకటుంది. కూజాను రెండు ముక్కలుగా చేయడం. పొట్ట దగ్గర కోసి, పై సగం, కింది సగం విడివిడిగా వెడల్పు మూతి నుంచి బోలు చేసి, గాడి పెట్టి అతికి, మళ్ళీ తరిమెన మీద కలిపి తిప్పితే అతుకు మీద ఒక సన్న గీత వేసి దాన్ని అలంకారంగా మార్చేయవచ్చు. మన కుంకుమ భరిణె మూతా అడుగూ కలిసేచోట ఉండే పనితనమే ఇది. ఇందులో మోసం ఏమీ లేదు. మోసమల్లా బయట లావుగా కనిపిస్తూ లోపల వేలెడు రంధ్రం మాత్రమే ఉన్న కూజాను బోలు కూజా అని అమ్మడం. ఎండుపూలు పెట్టుకోవడానికి ఆ రంధ్రం చాలు, కాదనను. కానీ అలాంటి కూజా నిండు దుంగ కిందే లెక్క. పొట్ట 10 సెంటీమీటర్లు ఉంటే లోపల లాగుడు అంతా అలాగే ఉంటుంది. కొనేటప్పుడు చేతిలోకి తీసుకుని బరువు చూస్తే తెలిసిపోతుంది. వేలు లోపలికి పోనిచ్చి మెడ దాటాక గోడ పక్కకు తప్పుకుంటోందో లేదో తడిమి చూడవచ్చు.

అడుగు కూడా తిప్పి చూడాలి. నడిమి రంధ్రం అడుగు దాకా పోదు కనుక దవ్వ అక్కడ మిగిలే ఉంటుంది. బీట ఎప్పుడైనా మొదలయ్యేది ఆ చుక్క నుంచే. మంచి పనివాళ్ళు ఆ చుక్కను తొలిచి వేరే కర్రతో చిన్న బిరడా వేస్తారు, లేదా దుంగ లావుగా దొరికితే దవ్వ పక్కకు వచ్చేలా ముక్క కోసుకుంటారు. అంకుడులో అంత లావు దుంగ దొరకడం అరుదు. ఏటికొప్పాక కూజాలు చాలావరకు చిన్నవిగా ఉండడానికి చెట్టు ఇచ్చే కొలతే కారణం. ఈ చెట్టు కొట్టిన మోడు నుంచి మళ్ళీ చిగురిస్తుంది. అదును చూసి కొడితే, పెరగనిస్తే, మళ్ళీ కర్ర ఇస్తుంది. ఊరి చుట్టుపక్కల పనిగట్టుకుని పెంచకుండా అడవి మీదే ఆధారపడితే ఈ పనికి రేపు కర్ర ఉండదు. రంగుల గురించి, మార్కెట్టు గురించి మాట్లాడినంతగా చెట్ల గురించి మాట్లాడకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇప్పుడు లక్క. మోదుగ, రేగు, కుసుమ లాంటి చెట్ల లేత కొమ్మల మీద గుంపులుగా బతికే అతిచిన్న పురుగులు తమ రక్షణకు స్రవించే బంక ఇది. మన దేశంలో జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ దీనికి పెట్టింది పేరు. కొమ్మల నుంచి గీకి, కడిగి, కరిగించి, వడకట్టాక వచ్చేది శుద్ధమైన లక్క. దాన్ని నిప్పు సెగ మీద మెత్తబరిచి, రంగు కలిపి, సాగదీసి మడిచి, మళ్ళీ సాగదీసి, రంగు అంతటా సమంగా పట్టేదాకా పిసికి కడ్డీలుగా చేస్తారు.

ఈ కడ్డీని తిరుగుతున్న కర్రకు గట్టిగా ఆనిస్తే రాపిడికి వేడి పుడుతుంది. లక్క 70, 80 డిగ్రీల వేడికే మెత్తబడి కరుగుతుంది కనుక పొయ్యి అవసరం లేదు, తిరుగుడే పొయ్యి. కరిగిన లక్క కర్ర మీద చారలుగా అంటుకుంటుంది. వెంటనే ముళ్ళ అంచులు తీసేసిన ఎండు మొగలి ఆకును దాని మీద అదిమి పడతారు. ఆకు రాపిడికి పై పొర మళ్ళీ కరిగి, చారలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, అద్దంలా పరుచుకుంటుంది. కుంచె జాడలు ఉండకపోవడానికి కారణం ఇదే. ఒక రంగు పక్కన ఇంకో రంగు పెట్టాలంటే ఇంకో కడ్డీ, అంతే. ఇందాక చెప్పిన వేగం లెక్క ఇక్కడ గుర్తు తెచ్చుకోవాలి. పొట్ట దగ్గర కర్ర వేగంగా పోతుంది కనుక వేడి చిటికెలో పుడుతుంది. మెడ దగ్గర నాలుగోవంతు వేగమే కనుక లక్క త్వరగా కరగదు. అనుభవం లేని చేయి అక్కడ కడ్డీని ఎక్కువ నొక్కుతుంది, లక్క ముద్దకడుతుంది. కూజా నాణ్యం చూడాలంటే మెరిసే పొట్టను వదిలి మెడ మడతలో చూడండి. అక్కడ కూడా రంగు పలచగా, సమంగా ఉంటే ఆ చేయి మంచిది.

రంగులది ఇంకో కథ. చౌకగా దొరికే రసాయన రంగులు వచ్చాక వాటి వాడకం పెరిగింది. అప్పుడు పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల్లాంటి వాటి నుంచి రంగులు తీసి లక్కలో నిలిచేలా చేయడం మీద ఏటికొప్పాకలోనే చింతలపాటి వెంకటపతి రాజు దశాబ్దాలుగా పనిచేశారు. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. పసుపు రంగుకు పసుపుకొమ్ము, నీలానికి నీలిమందు, రెండూ కలిస్తే ఆకుపచ్చ, జాఫ్రా గింజ నుంచి నారింజ ఎరుపు. పిల్లలు బొమ్మను నోట్లో పెట్టుకుంటారు కనుక ఈ మార్పు విలువ బొమ్మల్లో వెంటనే తెలుస్తుంది. కూజాకు అంత అవసరం లేదనిపించవచ్చు. కానీ రోజంతా ఆ లక్కను పిసికే చేతులు, వేడికి లేచే ఆవిరి పీల్చే ఊపిరితిత్తులు పనివాళ్ళవి. ఎండ తగిలితే పసుపు రంగు వెలిసిపోతుంది, కనుక ఇలాంటి కూజాను కిటికీ ఎండలో పెట్టకూడదు.

లక్క పట్టించాక కూజా బయటి వైపు దాదాపు మూసుకుపోయినట్టే. చెమ్మ రాకపోకలన్నీ ఇక లోపలి గోడ నుంచే. అందుకే పచ్చిదనం మిగిలిన కర్రకు లక్క వేయకూడదు. మన ఇళ్ళ నుంచి అమెరికాకు వెళ్ళే పెట్టెల్లో ఈ కూజాలు తరచుగా ఉంటాయి. కోస్తాలో 12, 15 శాతం చెమ్మతో కుదురుకున్న కర్ర అక్కడి చలికాలం హీటరు ఇళ్ళలో 6, 7 శాతానికి దిగిపోతుంది. అంటే అది మళ్ళీ ఒకసారి ఆరుతుంది. వెళ్ళగానే హీటరు గాలి తగిలే చోట పెడితే బీట ఖాయం. కొన్ని వారాలు కాగితంలో చుట్టి, అట్టపెట్టెలోనే ఉంచి, ఆ గాలికి నెమ్మదిగా అలవాటు కానిస్తే చాలావరకు నిలుస్తుంది. హైదరాబాదు ఏసీ గదులకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

నీళ్ళు పోయవచ్చా అని అందరూ అడుగుతారు. పోయకూడదు. లోపలి గోడ నీరు తాగి ఉబ్బుతుంది, బయటి లక్క ఉబ్బదు, రెండింటి మధ్య పట్టు వదిలి లక్క పెచ్చులుగా రాలుతుంది. తాజా పూలు పెట్టాలనుకుంటే మూతిలో పట్టే గాజు గొట్టం ఒకటి దించి నీళ్ళు దానిలో పోయాలి. కొనేటప్పుడే మూతి కొలత చూసుకుంటే గొట్టం వెతుక్కోవడం తేలిక. తుడవడానికి పొడి మెత్తటి గుడ్డ చాలు. శానిటైజరు, స్పిరిటు, సెంటు, వీటిలో ఉండే ఆల్కహాలు లక్కను కరిగిస్తుంది. ఒక్క తుడుపుకే మెరుపు పోయి జిగట మిగులుతుంది. తడి గ్లాసు పక్కన ఆనితే తెల్లటి మచ్చ వస్తుంది, వేడి గిన్నె ఆనితే అచ్చు పడుతుంది. అలాంటి మచ్చను ఇంట్లో గీకి పోగొట్టబోకండి. లక్క వేడికి మళ్ళీ కరిగే గుణం ఉన్నది కనుక, కూజాను పనివాడి దగ్గరికి తీసుకుపోతే మళ్ళీ తరిమెనకు ఎక్కించి, మొగలి ఆకు పట్టి, ఆ చోటును కొత్తగా చేసి ఇవ్వగలడు.